యూకేలో ఇండియా లైసెన్సుతో ఎన్నాళ్లు నడపొచ్చు?

"నా ఇండియా లైసెన్సు 2034 దాకా ఉంది, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తెచ్చుకున్నాను. లండన్‌లో ఎన్నాళ్లు నడపొచ్చు?" అని అడిగారు కదా. 12 నెలలు. లైసెన్సు మీద ఏ సంవత్సరం ఉన్నా అంతే. ఆ 12 నెలలు మీరు అక్కడ ఉండటానికి దిగిన రోజు నుంచి లెక్క, కారు కొన్న రోజు నుంచి కాదు. మధ్యలో సంక్రాంతికి ఇంటికి వెళ్లొస్తే లెక్క మళ్లీ మొదలవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మకండి. పర్మిట్ ఆ గడువును ఒక్క రోజు కూడా పెంచదు. ఆస్ట్రేలియా, కెనడా వాళ్లు తమ లైసెన్సు ఇచ్చి యూకే లైసెన్సు మార్పించుకోవచ్చు. మనకు ఆ వీలు లేదు, టెస్టు పాసవ్వాల్సిందే.

13వ నెల మొదటి రోజున ఏమవుతుందో చూడండి. కారు అదే, నడిపే మనిషీ అదే, ఇన్సూరెన్సు డబ్బూ కట్టే ఉంటుంది. కానీ చట్టం దృష్టిలో ఆ రోజు నుంచి మీరు లెర్నర్. ప్రొవిజనల్ లైసెన్సు (అంటే అక్కడి లెర్నర్ లైసెన్సు), కారుకు ముందూ వెనకా ఎల్ బోర్డు, పక్క సీట్లో 21 ఏళ్లు దాటి 3 ఏళ్లుగా లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. ఇవి లేకుండా ఆఫీసుకు బయల్దేరి పోలీసులు ఆపితే, చెల్లే లైసెన్సు లేదు కాబట్టి ఇన్సూరెన్సూ లేనట్టే చూస్తారు. 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు రికార్డు మీద 6 పెనాల్టీ పాయింట్లు, కారునూ అక్కడికక్కడే పట్టుకుపోవచ్చు. పాయింట్లు 4 ఏళ్లు రికార్డులో ఉంటాయి, ఆ తర్వాత ప్రీమియం ఎంత అడుగుతారో చూస్తే గుండె ఆగుతుంది.

అందుకే దిగిన నెలలోనే ప్రొవిజనల్‌కు పెట్టండి. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు. అది చేతికొచ్చినా 12 నెలలు నిండేదాకా ఎల్ బోర్డు అక్కర్లేదు. తర్వాత థియరీ టెస్టు, దానికి 23 పౌండ్లు: 50 ప్రశ్నల్లో 43 రావాలి. తర్వాత 14 వీడియో క్లిప్పుల్లో ప్రమాదం మొదలవ్వగానే క్లిక్ చేయాలి, 75కి 44 రావాలి. ఎక్కడో ఒకచోట తగులుతుందని టకటకా నొక్కుతూ పోతే ఆ క్లిప్పుకు సున్నా వేస్తారు. థియరీ పాసైతే 2 ఏళ్లు చెల్లుతుంది.

ప్రాక్టికల్, అంటే రోడ్డు మీద నడిపి చూపే టెస్టు, దాని స్లాటే అసలు తలనొప్పి. చాలా సెంటర్లలో నెలల తరబడి ఖాళీ ఉండదు. స్లాట్లు పట్టేసి ఎక్కువ ధరకు అమ్ముకునేవాళ్లను ఇన్నేళ్లూ ఆపలేకపోవడం నిజంగా అన్యాయం. మామూలు రోజుల్లో పగటి ఫీజు 62 పౌండ్లే.

ఇక హైదరాబాద్‌లో 15 ఏళ్లు నడిపిన చేయే ఇక్కడ ఎక్కువ ఫెయిలవుతుంది. అక్కడా ఇక్కడా ఎడమవైపే కదా అని ధీమాగా వస్తారు. రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, మనవాళ్లు ముక్కు ముందుకు పెడతారు. అవతలి డ్రైవర్ బ్రేకు వేయాల్సి వచ్చిందా, ఆ ఒక్కదానితోనే పోతుంది. చిన్న తప్పులు 15 వరకు ఓర్చుకుంటారు, పెద్దది ఒక్కటి చాలు. ఇంకోటి అద్దాలు. ఇండికేటర్ వేసే ముందు, వేగం మార్చే ముందు చూడాలి, చూస్తున్నట్టు ఎగ్జామినర్‌కు తెలియాలి. భయపడి ఖాళీ రోడ్డు మీద నత్తలా పోయినా తప్పే. వేల్స్‌లో 2023 నుంచి ఇళ్ల మధ్య రోడ్లలో చాలావాటికి గంటకు 20 మైళ్ల పరిమితి, అది మర్చిపోకండి. ఎంత అనుభవం ఉన్నా ఇన్‌స్ట్రక్టర్‌తో 5, 6 క్లాసులు తీసుకోండి.

ఆటోమేటిక్‌లో పాసైతే మాన్యువల్ నడపకూడదు. టెస్టు తేదీ కుదరకపోతే 10 పనిదినాల ముందే మార్చుకోండి, ఆలస్యమైతే ఫీజు పోతుంది.