నడిమి ముద్దను దాటేశావు

అమ్మాయీ,

నీ రాగి వ్యాసం చదివాను. మొదటి పేరా బాగుంది. రెండో పేరాలో "మైలుతుత్తం నీళ్లలో అమ్మోనియా పోయగానే మాయాజాలంలా ముదురు నీలం వచ్చేస్తుంది" అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. అలా రాదు. మైలుతుత్తమంటే కాపర్ సల్ఫేట్, రాగి లవణం. ముందు లేత నీలపు ముద్ద వస్తుంది, అది కాపర్ హైడ్రాక్సైడ్. ఇంకా పోస్తే ముద్ద కరిగి, అప్పుడు సిరా నీలం.

మళ్లీ చేసి చూడు. రెండున్నర గ్రాముల మైలుతుత్తం కరిగించి 100 మి.లీ. చెయ్యి. అందులో 5 మి.లీ. పరీక్షనాళికలో పోసి, విలీన (పలుచని) అమ్మోనియా చుక్క చుక్కగా వేస్తూ ఊపు. ముద్ద కనబడకుండానే నీలం తిరిగిందంటే ఒక్కసారి గుమ్మరించావన్నమాట. ఇంకో నాళికలో అదే మైలుతుత్తం నీళ్లు పోసి, విలీన సోడియం హైడ్రాక్సైడ్ వెయ్యి. అదే ముద్ద వస్తుంది, ఎంత పోసినా కరగదు. రాగి అయాన్‌ను పట్టుకునేది అమ్మోనియా అణువులే, నాలుగేసి చొప్పున. కరగని ఆ ముద్దను వేడిచేస్తే నల్లటి కాపర్ ఆక్సైడ్ అవుతుంది. ఈ రెండు నాళికలూ పక్కపక్కన పెట్టి రాస్తే చాలు, వ్యాసం నిలబడుతుంది.

మైలుతుత్తం స్ఫటికాలు కాలిస్తే తెల్లబడతాయన్నావు, నిజమే. ఎందుకో చెప్పవేం? వాటిలోని నీరు పోయి. నాళిక మూతి కాస్త కిందికి వంచి కాల్చాలని కూడా రాయాలి. లేకపోతే మూతి దగ్గర చేరిన నీరు వెనక్కి జారి, వేడి గాజు పగులుతుంది. మంట మరీ పెంచి నల్లబరిచావో, ఇక నీళ్లు చల్లినా నీలం తిరిగిరాదు.

కొలతలు వేస్తే పాఠకుడు పారిపోతాడంటారు మన సంపాదకులు. ఆవకాయ పేజీలో మాత్రం ఆవపిండి గ్లాసులతో సహా అచ్చేస్తారు!

మైలుతుత్తం నీళ్లలో ముంచిన ఇనుప మేకు మీద ఎర్రటి రాగి పూత గురించి రాశావు. మరి రైతు కొడవలి ఏది? తోటల్లో తెగుళ్లకు కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ పాత్రల్లో కలిపి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి పోస్తూ కలుపుతారు. మెరిసే కొడవలి ముంచితే ఎర్రబడిందా, రాగి ఇంకా విడిగా ఉందన్నమాట, సున్నం చాలలేదు. అలాగే కొడితే ఆకు మాడుతుంది. నీ మేకు చేసిన పనే ఇది, తోటలో.

మైలుతుత్తం విషమని ఎక్కడా అనలేదు. వంటింటి గిన్నెలు వాడొద్దని మొదట్లోనే రాయి.

"మాయాజాలం" ఆరుచోట్ల ఉంది. కొట్టేసి పంపు.