ముందు ఆర్‌ఎన్ లైసెన్సు, ఆ తర్వాతే ఎన్‌పీ సీటు

అమెరికా వచ్చిన మన నర్సింగ్ అమ్మాయిల్లో చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అక్కా, బీఎస్సీ నర్సింగ్ చేశాను, నేరుగా నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ) కోర్సులో చేరొచ్చా?" చేరలేరమ్మా. ఎన్‌పీ కోర్సుల్లో చేరాలంటే ఇక్కడి ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు చేతిలో ఉండాలి. ఇండియాలో ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి వచ్చినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆ డిగ్రీ వల్ల కొన్ని థియరీ సబ్జెక్టులు కలిసిరావచ్చు. టీచింగ్ వైపు వెళ్లేవాళ్లకు అది మంచి ఆస్తి కూడా. రోగిని పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందులు రాసే శిక్షణ మాత్రం అందులో లేదు కాబట్టి ఇక్కడ దాన్ని ఎన్‌పీ చదువుగా లెక్కపెట్టరు.

లైసెన్సు అనగానే అందరూ దానికోసం రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్ష గురించి టెన్షన్ పడతారు. నిజానికి మనవాళ్లకు పరీక్షకన్నా కాగితాల దగ్గరే ఎక్కువ కాలం పోతుంది. సీజీఎఫ్ఎన్ఎస్ అనే సంస్థ (ఇప్పుడు దాని పేరు ట్రూమెరిట్) మీ చదువును మదింపు చేస్తుంది. చాలా రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు ఆ రిపోర్టే అడుగుతాయి. అందుకు కావాల్సిన ట్రాన్స్‌క్రిప్టులు మీ కాలేజీ, యూనివర్సిటీల నుంచి, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ మీ నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా అక్కడికి చేరాలి. మీ దగ్గరున్న జిరాక్సులు పనికిరావు. తెలంగాణలో చదివినా పాత బ్యాచ్‌ల మార్కుల మెమోలు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీవే అయి ఉంటాయి. తర్వాతి బ్యాచ్‌లకు వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ ఇచ్చింది. 2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టర్ అయినవాళ్లు తమ ఫైలు ఇప్పుడు ఏ కౌన్సిల్ దగ్గర ఉందో ముందే కనుక్కోవాలి. విజయవాడ యూనివర్సిటీ పేరు కూడా 2022లో మారి, 2024లో మళ్లీ పాత పేరుకే వచ్చింది. మీ డిగ్రీ మీద ఏ పేరుందో చూసుకుని దరఖాస్తులో అదే రాయండి.

ఇంకో చిక్కు పేర్లది. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక కొందరు భర్త ఇంటిపేరు పెట్టుకుంటారు. ఈ మూడూ ఒకే మనిషివని చూపించే కాగితం లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఇంకా ఇండియాలోనే ఉంటే విమానం ఎక్కేలోపు ఈ పనులు పూర్తి చేసుకోండి. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడి ఒక పూటలో అయ్యే పనికి ఇక్కణ్నుంచి నెలల తరబడి ఫోన్లు చేయాల్సి వస్తుంది. ఎన్‌క్లెక్స్ కూడా హైదరాబాద్‌లో రాయొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి పరీక్ష తీరు మారి, ఒక రోగి పరిస్థితి మొత్తం ఇచ్చి ఏం చేస్తావని అడిగే ప్రశ్నలు పెరిగాయి. పాత పుస్తకాలతో చదవకండి.

ఇక వీసా సంగతి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి భార్య/భర్తకు ఇచ్చే వీసా) మీద చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. భర్త ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం పొంది ఉంటే హెచ్-4 ఈఏడీకి, అంటే ఉద్యోగ అనుమతి పత్రానికి, అప్లై చేసుకోవచ్చు. ఆ ఈఏడీ లేనంతవరకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. నంబరు లేనిదే కొన్ని రాష్ట్రాలు లైసెన్సే ఇవ్వవు. 40కి పైగా రాష్ట్రాల్లో చెల్లే కాంపాక్ట్ లైసెన్సుకైతే ఆ నంబరు తప్పనిసరి. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఆ ఒప్పందంలో లేవు. అందుకే అప్లై చేసే ముందు మీరుండే రాష్ట్రం బోర్డు నియమాలు స్వయంగా చదవండి, పక్క రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలి అనుభవం మీకు సరిపోకపోవచ్చు. జీతం లేకుండా వచ్చి నర్సు పని చేయమనే క్లినిక్కులకు అసలు వెళ్లొద్దు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా వీసాకు ముప్పే.

ఎన్‌పీ మీద ఇంత మోజు ఎందుకో నాకు తెలుసు. మామూలు ఆర్‌ఎన్ ఉద్యోగానికి హెచ్-1బీ దొరకడం కష్టం, మాస్టర్స్ తప్పనిసరైన ఎన్‌పీ ఉద్యోగానికి ఆ దారి ఉంది. అది న్యాయమైన ఆశే. అయినా లైసెన్సు రాగానే సీటు కోసం పరుగెత్తకండి. వార్డులో ఒకటి రెండేళ్లైనా పనిచేశాక వెళ్లండని బతిమాలి చెబుతున్నాను. ఇక్కడి రోగి మాట్లాడే తీరు, మందుల పేర్లు, ఇన్సూరెన్సు వ్యవహారం, డాక్టరుకు ఫోన్ చేసి పరిస్థితిని అరనిమిషంలో చెప్పడం, ఇవన్నీ పడక పక్కన నిలబడితేనే వస్తాయి. అవి రాకుండా మందులు రాసే బాధ్యత నెత్తిన పడితే మీకూ ప్రమాదం, రోగికీ ప్రమాదం. అనస్థీషియా వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది సలహా కాదు, నియమమే. కనీసం ఏడాది క్రిటికల్ కేర్‌లో ఆర్‌ఎన్‌గా చేసి ఉండాలి. ఆ కోర్సులో ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లందరికీ డాక్టరేట్ తప్పనిసరి.

కోర్సు ఎంచుకునేటప్పుడు చాలామంది ఫీజు, ఆన్‌లైనా కాదా అన్న రెండే చూస్తారు. ముందు చూడాల్సింది గుర్తింపు. నర్సింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సీసీఎన్ఈ, ఏసీఈఎన్, ఎన్ఎల్ఎన్ సీఎన్ఈఏ సంస్థల్లో ఏ ఒక్కటీ గుర్తించని ప్రోగ్రాం ఎంత చవగ్గా వచ్చినా వద్దు, తర్వాత సర్టిఫికేషన్ పరీక్షకు కూర్చోలేరు. రెండోది, ఆన్‌లైన్ కోర్సు మీ రాష్ట్రంలో ఉన్నవాళ్లను చేర్చుకుంటుందా అన్నది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు సెమిస్టరులో ఒక్క ఆన్‌లైన్ క్లాసుకు మించి లెక్కలోకి రాదు కాబట్టి పూర్తి ఆన్‌లైన్ ఎన్‌పీ కోర్సు వాళ్లకు కుదరదు.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది క్లినికల్స్. ఎన్‌పీ విద్యార్థి వందల గంటలు ఒక డాక్టరు దగ్గరో సీనియర్ ఎన్‌పీ దగ్గరో నేరుగా రోగులను చూస్తూ నేర్చుకోవాలి. ఇప్పుడున్న జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 750 గంటలు. ఆ నేర్పేవారిని ప్రిసెప్టర్ అంటారు. చాలా ఆన్‌లైన్ కాలేజీలు ప్రిసెప్టర్‌ను వెతుక్కునే భారం విద్యార్థి మీదే వేస్తాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకే అది దొరకడం గగనం. ఊరికి కొత్తగా వచ్చి, పరిచయాలు లేని మన అమ్మాయిలు క్లినిక్కుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, సెమిస్టరు వాయిదా వేసుకుని, ఫీజు కట్టిన బాధతో నాకు ఫోన్ చేసినప్పుడు కడుపు తరుక్కుపోతుంది. ప్రిసెప్టర్‌ను తామే చూపించే కాలేజీకి నాలుగు డబ్బులు ఎక్కువైనా నేను దాన్నే ఎంచుకోమంటాను.

మీరు జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఉంటే ఎన్‌క్లెక్స్ దారి మీకూ ఉంది, ఆ తర్వాత ఆర్‌ఎన్-టు-బీఎస్ఎన్ (ఆర్‌ఎన్‌లకు నర్సింగ్ డిగ్రీ ఇచ్చే కోర్సు) చేసి పై చదువుకు వెళ్లొచ్చు. ఫిజియోథెరపీ చేసిన చెల్లెళ్లు కూడా అడుగుతుంటారు. మీ దారి వేరు. ఇక్కడ ఆ వృత్తిలో ప్రవేశ డిగ్రీయే డాక్టరేట్, కాబట్టి ముందు మీ బీపీటీని మదింపు చేయించుకుని ఏ లోటు చూపిస్తారో తెలుసుకోండి.

సీటు వచ్చాక డిపాజిట్ కట్టే ముందు కాలేజీకి ఒక ఈమెయిల్ పెట్టండి: ప్రిసెప్టర్‌ను ఎవరు చూపిస్తారు, నా రాష్ట్రంలో ఈ డిగ్రీతో లైసెన్సు వస్తుందా, నా వీసా మీద క్లినికల్స్‌కు అభ్యంతరం ఉందా? ఫోన్లో చెబుతామంటే ఒప్పుకోకండి, జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా డబ్బు కట్టకండి.