సూపర్ హీరోలంటే మొహం మొత్తిన టైంలో డెడ్‌పూల్ ఎలా ఆడింది?

"జనానికి సూపర్ హీరో సినిమాలంటే విసుగొచ్చేసింది కదా, మరి ఆ బూతుల డెడ్‌పూల్ ఎలా ఆడింది?" అని అడిగారు. నన్నడిగితే విసుగొచ్చింది హీరోల మీద కాదండి, వాళ్లు పెట్టే హోంవర్క్ మీద. ఒక సినిమా అర్థమవ్వాలంటే ముందు ఓటీటీలో రెండు మూడు సిరీస్‌లు చూసుండాలంటే ఎవరికుంటుంది ఓపిక? 2023లో ద మార్వెల్స్ అనే సూపర్ హీరో సినిమా బోల్తా పడింది అందుకే, ఇందులో నాకే డౌటూ లేదు.

2024 జులైలో డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్ తెలుగు డబ్బింగ్‌కి విజయనగరంలో మా మావయ్యని తీసుకెళ్లాను. జూట్ మిల్లులో చేసి రిటైరైన మనిషి, హాల్లో ఇంగ్లీషు సినిమా చూడ్డం అదే మొదలు. స్టార్టింగే డెడ్‌పూల్, చచ్చిపోయిన వుల్వరిన్ అనే ఇంకో సూపర్ హీరో గొయ్యి తవ్వి, ఆ ఎముకలతోనే మీదకొచ్చినోళ్లని పొడుస్తూ స్టెప్పులేస్తాడు, మధ్యలో మన వైపు తిరిగి కబుర్లు చెప్తాడు. కండువాతో కళ్లజోడు తుడుచుకుంటున్న మావయ్య అలాగే ఆగిపోయి "ఒరే, ఈడు మనతోటే మాట్లాడతన్నాడేట్రా?" అన్నాడు. కాసేపటికి తొడ చరుచుకుని "కేతిగాడురా ఈడు!" అని ఒకటే నవ్వు.

నిజంగా అంతే. తోలుబొమ్మలాటలో రామాయణం సీరియస్‌గా నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి బూతులాడతారు, ఎదురుగా కూర్చున్న పెద్దమనుషుల్ని కూడా వదలరు. తెల్లార్లూ జనం నిద్రపోకుండా కూర్చునేది వాళ్ల కోసమే. ఇప్పటి పిల్లలకి ఆ ఆట చూసే యోగమే లేకుండా పోయింది, అది తల్చుకుంటే నాకు కడుపు మండుతుంది.

2009లో వుల్వరిన్ సినిమాలో ఇదే డెడ్‌పూల్ పాత్రకి, అది వేసే ఇదే ర్యాన్ రేనాల్డ్స్‌కి, నోరు కుట్టేశారు! వాడి బలమే నోరు కదండీ. 2016లో ఆ నోరు విప్పనిస్తే 6 కోట్ల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన మొదటి డెడ్‌పూల్ సినిమా వసూళ్లు 78 కోట్ల డాలర్లు దాటించింది. బడ్జెట్ చాలక క్లైమాక్స్‌లో తుపాకుల సంచి ట్యాక్సీలో మర్చిపోయినట్టు రాసుకున్నారు, అదీ నవ్వులకే పనికొచ్చింది.

ఈ కొత్తదాంట్లోనూ పాత సినిమాల రెఫరెన్సులు బోలెడున్నాయి, కాదనను. మావయ్యకి ఒక్కటీ తెలీదు. ఇంటర్వెల్లో చెప్పబోతే "నువ్వుండరా, ఆడే సెప్తాడు" అన్నాడు.