వాస్కో గెలిచింది, పెద్ద క్లబ్బులు లేచిపోయాయి

ప్రశ్న: మా అబ్బాయి అనంతపురంలో ఆర్డీటీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. బ్రెజిల్‌లో ఒకప్పుడు ఓ టీమ్ కప్పు గెలిస్తే పెద్ద క్లబ్బులు లీగ్ వదిలేసి పోయాయంట, నిజమేనా సార్? ఓడిపోయినారని అంత కోపమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిజమేనండీ. ఓడిపోయిన బాధ కంటే, ఎవరి చేతిలో ఓడిపోయారన్నదే వాళ్లకు మింగుడు పడలేదు.

అది 1923, రియో డి జనీరో నగర లీగ్. అప్పట్లో అక్కడ ఫుట్‌బాల్ అంటే డబ్బున్న తెల్లవాళ్ల పిల్లల ఆట, ఆడినందుకు పైసా తీసుకోకూడదన్నది నియమం. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, రోజంతా కూలి చేసుకునేవాడికి ప్రాక్టీసుకు టైమ్ ఎక్కడిది? పోర్చుగీసు వలసదారులు 1898లో పడవ పందేల కోసం పెట్టుకున్న వాస్కో డ గామా క్లబ్ ఆ ఏడాదే మొదటి డివిజన్‌లోకి వచ్చింది. గోలీ నెల్సన్ టాక్సీ డ్రైవర్, సెసి గోడలకు రంగులేసేవాడు, నికొలినో ఓడరేవులో మూటలు మోసేవాడు. క్లబ్‌ను అభిమానించే వ్యాపారులు ఆటగాళ్లను తమ అంగళ్లలో పనివాళ్లుగా చూపించి ప్రాక్టీసుకు వదిలేవాళ్లు. వాళ్లు అంత కష్టపడి తయారయ్యారు కాబట్టే అవతలి జట్టు అలసిపోయే రెండో సగంలో వీళ్లు ఇంకా పరిగెత్తేవాళ్లు, వెనకబడిన మ్యాచ్‌లు కూడా అలాగే తిప్పుకున్నారు. 14 మ్యాచ్‌లలో 11 గెలిచి, ఒక్క ఫ్లమెంగో చేతిలో మాత్రం 3-2తో ఓడి, వచ్చిన మొదటి ఏడాదే చాంపియన్ అయ్యారు.

మరుసటి ఏడాది ఫ్లమెంగో, ఫ్లుమినెన్సే, బొటాఫోగో లాంటి క్లబ్బులు వేరే లీగ్ పెట్టుకున్నాయి. వాస్కో రావాలంటే 12 మంది ఆటగాళ్లను తీసెయ్యాలన్నాయి. వాళ్ల ఉద్యోగాలు సరైనవి కావంట, చదువు లేదంట, పైగా క్లబ్‌కు సరైన స్టేడియం లేదంట! ఆ 12 మంది ఎవరో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది: నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు, పేద పనివాళ్లు. 1924 ఏప్రిల్ 7న క్లబ్ అధ్యక్షుడు జోజె అగుస్తో ప్రెస్తెస్ ఉత్తరం రాశాడు, మావాళ్లను బలిపెట్టి మీ లీగ్‌లోకి రాము అని. నాకు 1923 కప్పు కంటే ఈ ఉత్తరమే పెద్ద గెలుపుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజు ఒప్పుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. పాత లీగ్‌లోనే ఉండిపోయి 1924లో మళ్లీ గెలిచారు. జనాన్ని లాగే టీమ్ లేకుండా కొత్త లీగ్‌కూ కష్టమే, అందుకే 1925లో చేర్చుకున్నారు. స్టేడియం లేదన్న మాటకు జవాబుగా అభిమానులు చందాలు వేసుకుని సావ్ జనువారియో కట్టారు, 1927 ఏప్రిల్ 21న తెరిచారు.

ఒక్క విషయం మాత్రం మీ అబ్బాయికి సరిగ్గా చెప్పండి. నల్లవాళ్లను ఆడించిన మొదటి క్లబ్ వాస్కో అని చాలామంది అంటారు, అది తప్పు. రియోలోనే బట్టల మిల్లు క్లబ్ బాంగు ఉంది, దాని జట్టులో ఫ్రాన్సిస్కో కరెగల్ అనే నల్లజాతి నేత కార్మికుడు 1905లోనే ఆడాడు.