పిల్లికూనకు బొచ్చు ఊడుతోంది.. దురద క్రీమ్ రాయొచ్చా?

ప్రశ్న: మా పిల్లికూనకు రెండున్నర నెలలు. పది రోజులుగా చెవుల దగ్గర, ముందు కాళ్ల మీద గుండ్రంగా బొచ్చు ఊడి, తెల్లటి పొట్టు రాలుతోంది. పెద్దగా గోక్కోవడం లేదు, బాగానే ఆడుతోంది. మా పాప చేతి మీదా ఎర్రటి మచ్చ వచ్చింది. ఇంట్లో ఉన్న దురద క్రీమ్ పిల్లికి రాయొచ్చా? కూనను ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: క్రీమ్ రాయకండి. ఇచ్చేయాల్సిన పనీ లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, ముఖ్యంగా పాపకూ మచ్చ వచ్చిందంటే, ఇది తామర కావచ్చు. దీన్నే రింగ్‌వార్మ్ అంటారు. పేరులో వార్మ్ ఉన్నా ఇందులో పురుగేమీ ఉండదు, ఇదొక ఫంగస్. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది మైక్రోస్పోరం కేనిస్ అనే రకం. దురద క్రీముల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది. దానివల్ల ఎర్రదనం తగ్గినట్టు కనిపిస్తుంది కానీ ఫంగస్ ఇంకా పాకుతుంది. పైగా పిల్లి రాసిందల్లా నాకేస్తుంది. టీ ట్రీ ఆయిల్, ఫినాల్ ఉన్న క్రిమిసంహారకాలు పిల్లులకు విషం.

అయితే చూడకుండా తామరేనని తేల్చేయలేను. చెవుల అంచులు, ముఖం మీద మందంగా పెచ్చులు కట్టి విపరీతంగా గోక్కుంటే అది గజ్జి కావచ్చు. బొచ్చులో నల్లటి నలుసులు కనిపిస్తే తడిపిన తెల్ల కాగితం మీద రాల్చి చూడండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీస్ అనే గెంతే పురుగుల మలం. ఇవి చిన్న కూనల రక్తం పీల్చేస్తాయి. చిగుళ్లు పాలిపోతే ఆలస్యం చేయకూడదు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు మాత్రం పొరపాటున కూడా వేయకండి, పిల్లి ప్రాణం పోవచ్చు. ఇక కంటికీ చెవికీ మధ్య బొచ్చు పలచగా ఉంటే కంగారొద్దు, చాలా పిల్లులకు అది సహజమే.

వెటర్నరీ డాక్టర్ వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత కాంతి దీపం కింద చూస్తారు. ఫంగస్ ఉన్న వెంట్రుకలు ఆకుపచ్చగా మెరుస్తాయి. అన్నిసార్లూ మెరవవు కాబట్టి వెంట్రుకలు తీసి కల్చర్ (ల్యాబ్‌లో ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్ష) చేయించాల్సి రావచ్చు, దానికి 2, 3 వారాలు పడుతుంది. తామరే అయితే సాధారణంగా నోటి ద్వారా ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు ఇస్తారు, ఒక వారం ఇచ్చి మరో వారం ఆపుతూ. మోతాదు బరువును బట్టి ఉంటుంది, మన మందు తుంచి ఇవ్వొద్దు. వారానికి రెండుసార్లు లైమ్ సల్ఫర్ ద్రావణంతో తడపమనొచ్చు. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, తప్పదు! చాలామంది చేసే తప్పేమిటంటే, బొచ్చు మొలవగానే మందు ఆపేస్తారు. పరీక్షలో ఫంగస్ లేదని తేలేదాకా ఆపకూడదు.

రాలిన వెంట్రుకల్లోని ఫంగస్ బీజాలు నెలల తరబడి బతుకుతాయి. కూనను సులువుగా తుడవగలిగే గదిలో ఉంచి, రోజూ వెంట్రుకలు ఎత్తేయండి. పరుపులు, తువ్వాళ్లు విడిగా ఉతకండి. అలాగని ఒంటరిగా వదిలేయొద్దు, మనుషులకు అలవాటు పడే వయసది. పెద్దవాళ్లు పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకుని ఆడించండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పాపను చర్మ వైద్యులకు చూపించి, ఇంట్లో పిల్లికూన ఉందని తప్పక చెప్పండి. వేరే పిల్లులు, కుక్కలు ఉంటే వాటికీ పరీక్ష చేయించాలి.