ప్లైవుడ్ దోనెకు ఏ గుడ్డ?

ప్రశ్న: కొల్లేటి తాటి దోనెలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఈ సెలవుల్లో 6 మి.మీ. మెరైన్ ప్లైవుడ్‌తో 14 అడుగుల దోనె సొంతంగా కట్టుకున్నాను. పలకలను రాగి తీగతో కుట్టి, అతుకులను ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్దతో పూడ్చాను. ఇక పైన ఫైబర్ వేయాలి. దుకాణదారు చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ (గాజు పోగు ముక్కలను అతికించిన పరుపు), దానిని అంటించే పాలిస్టర్ రెజిన్ చాలంటున్నారు. మా మేనమామ మందపాటి నూలు గుడ్డ వేయమంటున్నారు. కెవ్లార్ అనే కృత్రిమ పీచు గుడ్డ అన్నిటికంటే గట్టిదని విన్నాను. ఏది వేయమంటారు?
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: చదరపు మీటరుకు సుమారు 200 గ్రాములు తూగే, నేసిన గాజు గుడ్డ కొనండి, దానిని ఎపాక్సీతోనే అంటించండి. దుకాణదారు చెప్పిన మ్యాట్ చెడ్డ సరుకేమీ కాదు గాని, అది అచ్చులో పొరలుగా పరిచి చేసే ఫైబర్ పడవల కోసం ఉద్దేశించినది. ఆ పడవల్లో గాజే గోడ కనుక మందం కావాలి. మీ దోనెకు గోడ ప్లైవుడ్, గుడ్డ దాని చర్మం మాత్రమే. పైగా మ్యాట్‌లోని పోగు ముక్కలను పట్టి ఉంచే జిగురు సాధారణంగా పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరిగేది; స్టైరీన్ లేని ఎపాక్సీలో అది కరగదు కనుక, మ్యాట్ బిరుసుగానే ఉండిపోయి ముక్కు దగ్గర వంపు తిరగదు.

బరువు సంగతీ చూడండి. మీ దోనె బయటి వైశాల్యం 5 చదరపు మీటర్లు అనుకుంటే 200 గ్రాముల గుడ్డ ఒక కిలో అవుతుంది. దానిని తడపడానికి దాదాపు అంతే రెజిన్, నేత గుంటలు పూడ్చే పూతలకు మరో కిలో, కిలోన్నర పడుతుంది. అదే మ్యాట్ అయితే 2.25 కిలోలు, అది తన బరువుకు రెండింతలకు పైగా రెజిన్ తాగుతుంది కనుక మొత్తం 7 కిలోలు దాటుతుంది. గట్టు మీదికి ఒంటరిగా మోయవలసింది మీరే.

మేనమామగారి మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు, పూర్వం పడవలకు కాన్వాసు గుడ్డ పరిచి రంగు పూసేవారు; అయితే గీత పడిన చోట నూలు నీరు పీల్చి కుళ్లుతుంది. కెవ్లార్ మామూలు కత్తెరకు సరిగా తెగదు, ఎమిరీ కాగితంతో రుద్దితే నూగు లేస్తుంది. మీ పనికి ఆ ఖర్చు దండగ.

గుడ్డ పన్నా చాలకపోతే రెండు బారు ముక్కలను అడుగు మధ్యలో ఒకదానిపై ఒకటి ఐదారు సెంటీమీటర్లు ఎక్కేటట్లు పరచండి. గట్టుకు రాసుకునే చోట రెండు పొరలు వాటంతటవే వస్తాయి. గాజు పదునైన అంచు మీద నిలవక లేచిపోతుంది కనుక, మూలలను ముందుగా చిటికెన వేలంత గుండ్రంగా రుద్దుకోవాలి. ముక్కు దగ్గర దర్జీ మెడపట్టీకి కత్తిరించినట్లు క్రాస్‌గా కోసిన పట్టీ వేస్తే ముడత పడకుండా ఒదుగుతుంది. కొన్న గుడ్డను మడత పెట్టనివ్వకండి, చాపలా చుట్టించి తెచ్చుకోండి. మడత గీత రెజిన్ కింద కూడా పైకి ఉబ్బుతుంది. రెజిన్ పట్టిన చోట తెల్లటి గుడ్డ కంటికి కనబడకుండా పోతుంది, వెండి మచ్చలా మెరిసే చోట గాలి ఉన్నట్లు. చెక్క చల్లబడుతున్న సాయంత్రం వేళ ఈ పని పెట్టుకుంటే చెక్కలోని గాలి బుడగలుగా పైకి రాదు.

పాలిస్టర్ చవక అన్న ఆలోచన ఇంకా మిగిలి ఉంటే, మిగిలిన ప్లైవుడ్ ముక్క మీద రెండు రెజిన్లతోనూ ఒక్కొక్క పట్టీ అంటించి, ఒక కొస వదిలేసి, వారం తరవాత పట్టకారుతో లాగి చూడండి. ఎపాక్సీ పట్టీ చెక్క పీచును చీల్చుకుని వస్తుంది. పాలిస్టర్ పట్టీ చాలాసార్లు శుభ్రంగా ఊడి వస్తుంది.

ప్రశ్న: లోపలి వైపు కూడా గుడ్డ వేయాలా?
– అదే పాఠకుడు

జవాబు: అంతటా అక్కరలేదు. అతుకుల మీద గాజు టేపు, కాళ్లు పెట్టే అడుగు భాగంలో 135 గ్రాముల పలచని గుడ్డ వేసి, తక్కిన చోట రెండు మూడు పూతల ఎపాక్సీ పూయండి. ఆరిన ఎపాక్సీ మీద మైనంలా జిడ్డు తేలితే, రుద్దే ముందు మంచినీళ్లతో కడగాలి. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది కనుక, లోపలా బయటా రంగు వేశాకే దోనెను నీళ్లలోకి దించండి.