గేమ్ కంపెనీల జాతరలు ఏమైపోయాయి?

ప్రశ్న: బ్లిజ్‌కాన్ (బ్లిజార్డ్ గేమ్ కంపెనీ అభిమానుల సభ), ఈ3 (అమెరికాలోని వీడియో గేమ్‌ల ప్రదర్శన) లాంటి వేడుకలకు ఒక్కసారైనా వెళ్లాలని స్కూలు రోజుల నుంచీ కోరిక. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి అవన్నీ ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కోవిడే కారణమా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కోవిడ్ కంటే ముందే మొదలైందండీ ఇది. నింటెండో 2011లోనే కొత్త ఆటల కబుర్లను ‘నింటెండో డైరెక్ట్’ పేరుతో వీడియోలో చెప్పడం మొదలుపెట్టి, 2013కల్లా ఈ3లో పెద్ద వేదిక సభ మానేసింది. మైన్‌క్రాఫ్ట్ వాళ్ల మైన్‌కాన్ 2017లో ఆన్‌లైన్‌కి మారింది. సోనీ ‘ప్లేస్టేషన్ ఎక్స్‌పీరియన్స్’ 2014లో మొదలై 2017తో ఆగింది. 2018లో ఎందుకు పెట్టలేదంటే, జనాన్ని ఒకచోటికి పిలిచి చూపించేంత సరుకు లేదని కంపెనీయే చెప్పింది.

అసలు చిక్కు అదే. పెద్ద ఆట తయారీకి ఇప్పుడు ఐదారేళ్లు పడుతోంది. జాతరేమో ఏటా రావాలి. పైగా హాల్లో జనం ఆడడానికి ఇచ్చే డెమో అంటే, సగం పూర్తయిన ఆటలోంచి పావుగంట ముక్కను విడదీసి, మధ్యలో ఆగిపోకుండా చెక్కాలి. ఆ వారాలన్నీ అసలు ఆట పని నుంచి తీసుకున్నవే. వీడియోకి ఆ తిప్పలు లేవు, సిద్ధమైన రోజే వదలొచ్చు. 2018 బ్లిజ్‌కాన్‌లో పీసీలో కొత్త డయాబ్లో ఆట కోసం ఎదురుచూసిన అభిమానులకు మొబైల్ ఆట చూపిస్తే, హాల్లోనే మొహమ్మీద నిరసన చెప్పారు. అలాంటి సభకు మళ్లీ డబ్బు పెట్టమంటే ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది.

ఈ3ని మాత్రం వీటితో కలపకండి. 1995 నుంచి అది వ్యాపారుల ప్రదర్శన. అభిమానులకు విస్తృతంగా టికెట్లు అమ్మింది 2017 నుంచే. పెద్ద కంపెనీలు తప్పుకున్నాక 2023 డిసెంబరులో శాశ్వతంగా ముగిసింది. ‘ఈవ్ ఆన్‌లైన్’ వాళ్ల ఫ్యాన్‌ఫెస్ట్ 2004లో ఐస్‌లాండ్‌లో మొదలై ఇప్పటికీ బతికే ఉంది. అక్కడికొచ్చేది ఏళ్ల తరబడి అదే ఆట ఆడుతున్నవాళ్లు. వాళ్లకు కొత్త ట్రైలర్ కంటే ఒకరినొకరు కలవడమే ముఖ్యం.

ప్రశ్న: బ్లిజ్‌కాన్ మళ్లీ పెడతారటగా? టికెట్ తీసుకోమంటారా?
– మరో పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: 2024, 2025ల్లో లేదు. 2026 సెప్టెంబరు 12, 13 తేదీల్లో అమెరికాలోని అనాహైమ్‌లో అని ప్రకటించారు. వీసా లేకపోతే ముందు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ఇంటర్వ్యూ సంగతి చూసుకోండి. వీసా చేతికొచ్చేదాకా విమానం టికెట్ కొనొద్దు.

ప్రశ్న: మేం ఇరవై మందిమి. ఫంక్షన్ హాల్లో ఒక రోజు సొంత పీసీలతో కలిసి ఆడుకోవాలనుంది. ఏం కావాలి?
– కొందరు మిత్రులు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తప్పకుండా చేయండి. క్వేక్‌కాన్ కూడా 1996లో డల్లాస్ దగ్గర ఇలా ఆటగాళ్లు తమ పీసీలు మోసుకొచ్చి మొదలుపెట్టిందే; కంపెనీ అండ తరవాత వచ్చింది.

ముందు కరెంటు. పీసీ, మానిటర్ కలిపి 550 వాట్లు అనుకుంటే ఇరవైకి 11 కిలోవాట్లు, అంటే దాదాపు 48 ఆంపియర్లు. త్రీఫేజ్ ఉన్న హాలే తీసుకోండి. 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) మీద ఐదు పీసీలకు మించొద్దు. ఆ లెక్కన నాలుగు విడి లైన్లు కావాలి. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకు రెండు పీసీలే. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకో బాక్సు తగిలించొద్దు, వైరు కాలేది అక్కడే.

చాలామందికి అంతుబట్టనిది ఇంకొకటుంది. ఏ లోపం లేకపోయినా ప్రతి పీసీ పవర్ సప్లై నుంచి ఎర్త్‌లోకి కొద్దిగా కరెంటు జారుతుంది. ఇరవై పీసీలూ ఒకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి జారితే లైను ఆపే స్విచ్) మీద ఉంటే అదంతా కలిసి ట్రిప్ అవుతుంది. అప్పుడు ఎర్త్ వైరు పీకేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి, ప్రాణాలు పోతాయి. లైనుకో ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు పోయి వస్తే పీసీలన్నీ ఒకేసారి వేయొద్దు, ఒక్కో లైను ఆన్ చేస్తూ రండి. హాలు జనరేటర్ అందుకునేలోపు పీసీలు ఎలాగూ ఆగిపోతాయి. కనీసం రూటర్, నెట్‌వర్క్ స్విచ్ (పీసీలన్నిటినీ కేబుళ్లతో కలిపే పెట్టె), ఆటను నడిపే సర్వర్ పీసీ చిన్న యూపీఎస్ మీద ఉంచండి.

నెట్‌వర్క్‌కి 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి, క్యాట్-6 కేబుళ్లు సరిపోతాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాను బజారు సీటీసీలో దొరుకుతాయి. వైఫైతో ఆడాలనుకోవద్దు. ఎవరో ఒకరు ఇంటి నుంచి రూటర్ తెచ్చి స్విచ్‌కి తగిలిస్తారు. అది కూడా ఐపీలు (పీసీల నెట్‌వర్క్ అడ్రసులు) పంచడం మొదలుపెట్టి సగం మందికి సర్వర్ కనబడదు. రూటర్ ఒక్కటే ఉండాలి. ఒకే కేబుల్ రెండు కొసలూ స్విచ్‌లోనే గుచ్చితే మొత్తం నెట్‌వర్క్ పడుకుంటుంది. విండోస్‌లో నెట్‌వర్క్‌ని ‘ప్రైవేట్’గా పెట్టండి.

ఆటలు ఇంటి దగ్గరే అప్‌డేట్ చేసుకుని రండి. 100 ఎంబీపీఎస్ లైనులో 100 జీబీ ఆట ఒక్క పీసీకే రెండు గంటల పైన పడుతుంది. మరిచిపోయినవాళ్లుంటే స్టీమ్‌లో (ఆటలు కొని దించుకునే యాప్) లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేయండి. పక్క పీసీ నుంచి గిగాబిట్ వైరు మీద పావుగంటలో వచ్చేస్తుంది.